టైబ్రేకర్ కోసం ఒకణ్ణి బెంచీ మీద దాచుకోవాలా?

పదహారు పేర్లే ఇవ్వమన్న నాకౌట్ ఫుట్‌బాల్ టోర్నమెంటుకు జట్టు కట్టేటప్పుడు, ఒడిశాలోని పర్లాకిమిడి అయినా గుణుపురం అయినా పేచీ చివరి పేరు దగ్గరే. పదకొండు మంది ఆడేవాళ్లు, రెండో గోలీ, వెనక ఒకడు, మధ్యలో ఒకడు, ముందు ఒకడు. మిగిలిన ఆ ఒక్క చోటు "పరిగెత్తలేడు గానీ ఆగిన బంతి కొట్టాడంటే తిరుగుండదు" అనిపించుకునే కుర్రాడికి ఇవ్వాలా? ఇవ్వొద్దనే నేను గట్టిగా అంటాను, ఒక్క సందర్భంలో తప్ప.

ఆ సందర్భం నిర్వాహకులు ఇచ్చే నిబంధనల కాగితంలో ఉంటుంది. బయటికి వచ్చినవాడు మళ్లీ ఆటలోకి వెళ్లొచ్చా లేదా అన్నది ముందు అడగండి. ఏడుగురేసి ఆడే సెవెన్స్‌లో, పిల్లల పోటీల్లో ఈ వెసులుబాటు ఉండొచ్చు. ఉంటే మాత్రం కొట్టేవాడు బంగారమే. సబ్‌గా, అంటే ఒకడికి బదులుగా వచ్చినవాడు మైదానంలో అడుగుపెట్టాక వెంటనే ఫ్రీకిక్, కార్నర్, పెనాల్టీ ఏదైనా తీసుకోవచ్చు. బంతి ఆగగానే రిఫరీ అనుమతి అడగాలి, బయటికి వచ్చేవాడు పూర్తిగా గీత దాటాలి, లోపలికి వెళ్లేవాడు సెంటర్ లైన్ దగ్గర నుంచే వెళ్లాలి. కిక్ అయ్యాక బంతి మళ్లీ ఆగినప్పుడు పాతవాణ్ణి తిరిగి లోపలికి పంపొచ్చు.

పెద్దల మ్యాచ్‌లో అలా కుదరదు, బయటికి వచ్చినవాడు ఇక రాడు. ఐదుగురిని మార్చుకోనిచ్చే చోట కూడా ఆట నడుస్తుండగా మూడు దఫాల్లోనే మార్చాలి, హాఫ్‌టైమ్ లెక్కలోకి రాదు. ఒక్క ఫ్రీకిక్ కోసం ఒక మనిషినీ ఒక దఫానూ ఖర్చుపెట్టి, ఆ తర్వాత పరిగెత్తలేనివాడితో మిగిలిన మ్యాచ్ లాగాలి. అంత చేసినా 9.15 మీటర్ల దూరంలో అవతలి ఆటగాళ్ల గోడ ఉంటుంది, దాని వెనక గోలీ ఉంటాడు.

అసలు ఆశంతా టైబ్రేకర్ మీద, అంటే సమమైన మ్యాచ్‌ను చెరో ఐదు పెనాల్టీలతో తేల్చడం మీద. పొద్దు చాలక ఎక్స్‌ట్రా టైమ్ ఎత్తేసి నేరుగా పెనాల్టీలకు వెళ్లే పోటీల్లో ఈ ఆశ ఇంకా ఎక్కువ. ఇక్కడ జరిగే మొదటి పొరపాటు ఈ నియమం మరిచిపోవడం: ఆట ముగిసిన విజిల్ పడేసరికి మైదానంలో ఉన్న జట్టుకే కొట్టే హక్కు. విజిల్ తర్వాత పంపుదామనుకుంటే వాడు బెంచీ మీదే మిగిలిపోతాడు. పోనీ ఆఖరి నిమిషంలో పంపితే బంతి కాలికి తగలకుండానే 11 మీటర్ల గుర్తు దగ్గరికి నడవాలి. 2021 యూరో ఫైనల్‌లో ఇంగ్లండ్ రాష్‌ఫర్డ్‌నీ సాంచోనీ 120వ నిమిషం దగ్గర ఇందుకే దింపింది. ఒకరి కిక్ పోస్టుకు తగిలింది, రెండోది ఇటలీ గోలీ డొన్నరుమ్మా ఆపాడు. 2022 ప్రపంచ కప్ ఫైనల్‌లో అర్జెంటీనా అలాగే చివర్లో దింపిన డిబాలా గోల్ కొట్టాడన్నదీ నిజమే. కానీ అతను ఆటంతా ఆడగలిగిన ఫార్వర్డ్, కిక్ కోసమే పెంచినవాడు కాదు.

ఇక లెక్క చూడండి. కొట్టేవాడు మొదటి ఐదింట్లో కొట్టేది ఒక్కటే. అదే గోలీ అయితే అవతలివాళ్ల ఐదు కిక్కులకీ ఎదురు నిలుస్తాడు. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో కోస్టారికా మీద నెదర్లాండ్స్ చివరి క్షణంలో గోలీనే మార్చింది. వచ్చిన టిమ్ క్రూల్ ఐదుసార్లూ సరైన వైపే దూకి రెండు ఆపాడు. కాబట్టి పెనాల్టీల కోసమే ఒక చోటు వాడాలనిపిస్తే, పొడుగు చేతులున్న, తొందరపడి ముందే దూకని రెండో గోలీని వెతకండి. అతనికోసం ఒక మార్పును చివరిదాకా మిగుల్చుకోవాలి. కొట్టే క్షణానికి కనీసం ఒక పాదంలో కొంత భాగమైనా గోల్ లైన్ మీదో దానికి సరిగానో దాని వెనకో ఉండాలని అతనికి బాగా నూరిపోయండి. ముందుకొచ్చి ఆపితే ఆ కిక్ మళ్లీ కొట్టిస్తారు, మొదటిసారి హెచ్చరిక, తర్వాత పసుపు కార్డు.

ఐదు కిక్కులకీ తేలకపోతే ఆరోవాడు, ఏడోవాడు వస్తారు. అర్హులందరూ ఒక్కొక్కసారి కొట్టేదాకా ఎవరికీ రెండో అవకాశం లేదు. అంటే గోలీతో సహా పదకొండు మందికీ కొట్టడం రావాలి. ప్రాక్టీసు చివర కాళ్లు బరువెక్కాక సెంటర్ సర్కిల్ నుంచి ఒక్కొక్కరూ నడిచి వచ్చి రెండే రెండు కొట్టాలి. ముప్పై కొడితే కాలు అలవాటు పడుతుంది, ఒక్క కిక్‌లోనే తేలిపోయే బరువు మాత్రం అలవాటు కాదు. ఎవరు ఎటు కొట్టారు, లోపలికి వెళ్లిందా లేదా అన్నది ఒక నోట్‌బుక్‌లో రాయండి. మూడు నాలుగు వారాలకు కొట్టేవాళ్ల వరస అదే తేలుతుంది. ఆ వరస రిఫరీకి చెప్పాల్సిన పని లేదు, చివరి నిమిషంలో మార్చుకోవచ్చు.

వానాకాలం ఎర్రమట్టి మైదానాల్లో ఓడించేది తరచుగా పెనాల్టీ గుర్తే. అందరూ కొట్టి కొట్టి అక్కడ గుంట పడుతుంది, నీళ్లు నిలుస్తాయి. బంతి పక్కన జానెడు దూరంలో ఆనించే కాలు జారితే బంతి ఆ కాలికీ తగులుతుంది. 2025 మార్చిలో అట్లెటికో మాడ్రిడ్ ఆటగాడు జూలియన్ అల్వారెజ్ గోల్ అలాగే పోయింది. ఆ తర్వాత ఆట నిబంధనలు రాసే సంస్థ ఇచ్చిన వివరణ ప్రకారం టైబ్రేకర్‌లో అనుకోకుండా రెండు కాళ్లూ తగిలి గోల్ అయితే మళ్లీ కొట్టిస్తారు, గోల్ కాకపోతే మిస్సయినట్టే. ఊరి పోటీకి వచ్చిన రిఫరీకి ఈ మార్పు అందకపోయి ఉండొచ్చు. కెప్టెన్ మ్యాచ్‌కు ముందే, తెలుగులోనో ఒడియాలోనో, మర్యాదగా అడిగి తేల్చుకోవాలి. అప్పుడే గుంట కూడా చూపించి, పొడి మట్టి పోసి దిమ్మిస కొట్టించి, దాని మీద సున్నంతో కొత్త గుర్తు పెట్టించమనాలి. టైబ్రేకర్ ఏ గోల్ దగ్గరన్నది మామూలుగా నాణెం ఎగరేసి తేలుస్తారు, నేల పాడైతే రిఫరీ రెండోవైపు మార్చొచ్చు. అందుకని రెండు గుర్తులూ బాగుచేయించాలి.