అర్జీలు రాసిన చలికాలం

దివిసీమ ఉప్పెన గురించి రాయమని మన స్కూలు సంచిక కమిటీ అడిగినప్పుడు, నాకన్నా ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు మన 1978 బ్యాచ్‌లోనే ఉన్నారు, వాళ్ళనే అడగమన్నాను. అడిగారట, రాయలేమన్నారట. అందుకని నేను రాస్తున్నాను. మా ఇల్లు అవనిగడ్డ వైపు, కాస్త మెరక మీద ఉండేది. మాకు పశువులు పోయాయి, కోతకొచ్చిన సార్వా వరి పోయింది. మనుషులం మాత్రం మిగిలాం. ఆ రోజుల్లో దివిసీమలో ఈ మాట పైకి చెప్పుకోవడానికి కూడా మొహమాటంగా ఉండేది.

ఇప్పటి పిల్లలకు తేదీ తెలుసు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి తీరపు ఊళ్ళ మీదుగా ఆ నీళ్ళు వెళ్ళిపోయాయి. సర్కారు లెక్క సుమారు 10,000 మంది. మా ఊళ్ళలో ఎవరూ ఆ లెక్కను నమ్మలేదు. శవాలు తుమ్మ చెట్లకు చిక్కుకుని రోజుల తరబడి దొరుకుతూనే ఉన్నాయి. ఎవరివో తెలియనివాటిని కుప్పగా వేసి దహనం చేశారు. అంతకు మించి ఆ సంగతి రాయను.

నేను రాయదలుచుకున్నది లెక్కల మాస్టారి గురించి. ఆయన పేరు మీకందరికీ తెలుసు. ఎక్కడా పేరు వేయించుకోవడం ఆయనకు ఇష్టముండేది కాదు కనుక వేయడం లేదు. భార్యనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకున్నారు. మన స్కూలు అప్పటికి సహాయ శిబిరం. వరండా నిండా బియ్యం బస్తాలు, దుప్పట్లు, సున్నం, బ్లీచింగ్ వాసన. హెడ్మాస్టరు గారు సెలవు పెట్టమంటే, "సెలవు పెట్టి ఎక్కడికి వెళ్ళను?" అన్నారట. మర్నాటి నుంచి పదో తరగతిలో చేతిరాత బాగున్నవాళ్ళను పోగుచేసి ఒక గదిలో కూర్చోబెట్టారు. పరిహారం రావాలంటే అర్జీ కావాలి. శిబిరంలో ఉన్న చాలామందికి చదువు రాదు.

తాసిల్దారు గారి దివ్యసముఖమునకు అని మొదలుపెట్టాను. "దివ్యసముఖం వద్దురా, కాగితం దండగ. పేరు రాయి, ఊరు రాయి, పోయినవాళ్ళ పేర్లు, వయసులు రాయి. ఎలా జరిగిందని నువ్వు అడక్కు. వాళ్ళే చెప్తే మధ్యలో ఆపకు" అన్నారు మాస్టారు. మాకిచ్చిన శిక్షణ మొత్తం అదే.

పదిహేనేళ్ళవాళ్ళం. ఎదురుగా బల్ల మీద కూర్చున్న మనిషి తన ఇంట్లోవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే రాసుకునేవాళ్ళం. అర్జీకి అక్కర్లేనివి ఎన్నో చెప్పేవాళ్ళు. ఒక పెద్దాయన తన గేదె ఎన్నో ఈతదో, పూటకు ఎన్ని పాలిచ్చేదో కూడా రాయించాడు. పల్లెపాలెం నుంచి వచ్చిన ఒకావిడ నెలల పిల్లను పోగొట్టుకుంది. ఇంకా పేరు పెట్టలేదంది. ఏం రాయాలో తెలియక మాస్టారి వైపు చూశాను. "ఏమని పిలిచేదానివమ్మా?" అని అడిగారు. "బుజ్జమ్మా అనేదాన్నండి." "రాయరా, బుజ్జమ్మ, మూడు నెలలు."

అర్జీ అయిపోయినా కొందరు మర్నాడు మళ్ళీ వచ్చేవాళ్ళు. నిన్న ఒకటి చెప్పడం మర్చిపోయాననేవాళ్ళు. ఆఫీసుకు దానితో పనిలేదని మాకు తెలుసు, మాస్టారికీ తెలుసు. అయినా ఇంకో కాగితం ఇచ్చేవారు. 1999 ఒడిశా తుఫాను తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు స్థానిక కార్యకర్తలకు, బాధితులు చెప్పేది ఓపికగా వినడం నేర్పించారని చదివినప్పుడు నాకు మన గదే గుర్తొచ్చింది. మాకు కౌన్సెలింగ్ అనే మాట కూడా తెలియదు.

మాస్టారి అర్జీ నేనే రాశాను. ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్ళాక వచ్చి ఆ బల్ల మీదే కూర్చుని, "నాదీ రాయి" అన్నారు. భార్య పేరు, వయసు చెప్పారు. పెద్దవాడిది చెప్పారు. చిన్నదాని వయసు దగ్గర ఆగి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఎంతటి కూడికనైనా నోటితోనే చేసే మనిషి.

బాధలు మనిషిని రాటుదేలుస్తాయని పెద్దలంటారు. అంతా మన మంచికే అని కూడా అంటారు. మొదటిదాన్ని నేను ఒప్పుకోను. రెండోది ఉప్పెన మనిషి ముందు అంటే తన్నేవాడు. మా వీధిలో ఒకాయన ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు గానీ మళ్ళీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆయన గట్టివాడు కాక కాదు. నాకర్థమైనంతవరకు, తేరుకున్నవాళ్ళలో చాలామందికి ఎవరో ఒకరు పని అప్పజెప్పారు, లేదా ఎవరో ఒకరు వాళ్ళ మీద ఆధారపడి ఉన్నారు. ఆయన్ని మాత్రం పాపం అందరూ కదిలించకూడదని జాలిపడి వదిలేశారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్న మా దూరపు పిన్నికి ఉప్పెనలో ఇద్దరు కొడుకులూ పోయారు. మళ్ళీ ఆపరేషన్ చేయించుకుని కూతుర్ని కన్నది. "ఆ పిల్ల రాత్రిళ్ళు ఏడుస్తుంటే నాకు ఏడవడానికి తీరిక ఏదిరా?" అనేది. పండగొస్తే మాత్రం ఇప్పటికీ కొడుకుల పేరు చెప్పి ముందు రెండు బూరెలు తీసి పక్కన పెడుతుంది.

మాస్టారు మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 1990 మే 9న అదే కృష్ణ ముఖద్వారం దగ్గర ఇంకో పెద్ద తుఫాను తీరం దాటింది. ఈసారి ముందుగా హెచ్చరికలొచ్చాయి, తుఫాను షెల్టర్లు ఉన్నాయి. లక్షన్నర మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. రాష్ట్రం మొత్తం మీద చనిపోయినవాళ్ళు వెయ్యి లోపే. అప్పుడు మాస్టారు సైకిలేసుకుని పాలేలన్నీ తిరిగి, కదలనన్నవాళ్ళను బూతులు తిట్టి మరీ షెల్టర్లకు తోలారు. ఆయన నోట బూతులు విన్నది అప్పుడేనని జనం ఆయన పోయేదాకా నవ్వుకున్నారు.

కమిటీ వారికి ఒక మనవి. మీరు అచ్చువేస్తున్న మా బ్యాచ్ జాబితాలో 1978 మార్చిలో పరీక్ష రాసినవాళ్ళే ఉన్నారు. నవంబరు 18 దాకా హాజరుపట్టీలో ఉన్నవాళ్ళ పేర్లు కూడా వేయండి. నా దగ్గర కొన్ని ఉన్నాయి, పంపుతాను. ఇంటిపేర్లు తెలియనివాళ్ళకు మనం పిలిచిన పేరే వేయండి.