కరెంటు తీగల కింద ఒక రోజు

పొద్దున్నే ఆరున్నరకు బయలుదేరాం, నేనూ నా స్నేహితుడూ, చెరో మెటల్ డిటెక్టర్, ఒక చిన్న పార. వెళ్లింది ఒక పాత మైదానానికి. ఒకప్పుడు జనం బాగా గుమిగూడిన చోటు కాబట్టి నాణేలు రాలి ఉంటాయని ఎప్పట్నుంచో ఆశ. స్థలం వాళ్లను ముందే అడిగి అనుమతి తీసుకున్నాం, తవ్విన ప్రతి గుంటా పూడ్చేస్తామని మాట కూడా ఇచ్చాం. ఇబ్బందల్లా ఒకటే, మైదానానికి ఒక పక్క హైటెన్షన్ తీగలు, ఇంకో పక్క ఇళ్లు. కొత్త డిటెక్టర్ కొనాలని చాలా రోజులుగా చూస్తున్నాను, ఏది కొనాలో ఇవాళ ఇక్కడే తేల్చుకోవాలని వచ్చాను.

నా పాత మెషీన్ ఆన్ చేశానో లేదో గోల మొదలైంది. కాయిల్, అంటే కర్ర చివర నేల మీద ఊపే గుండ్రటి పళ్లెం, దాన్ని నేలకు దూరంగా, కదలకుండా గాల్లో పట్టుకున్నా హెడ్‌ఫోన్స్‌లో టకటకమని మోత, తెర మీద లోహం ఏ రకమో చెప్పాల్సిన నంబర్ 12, 87, 40, మళ్లీ 95. కింద ఏమీ లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే పొరబడతారు, నేల బాగాలేదనుకుని మెషీన్‌ని నేలకు తగ్గట్టు సరిచేసే గ్రౌండ్ బ్యాలెన్స్‌తో కుస్తీ పడతారు. నేలలోని ఖనిజాల వల్ల వచ్చే గోల కాయిల్ ఊపితేనే వస్తుంది. కదపకుండా పట్టుకున్నా మోగుతుంటే అది గాల్లోంచి వచ్చే విద్యుత్ గోల, దానికి మందు వేరు.

డిటెక్టర్ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. కాయిల్‌లోని ఒక చుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది, దాని వల్ల నాణెంలో సుడులు తిరిగే కరెంటు పుడుతుంది, ఆ కరెంటు నుంచి తిరిగొచ్చే అతి చిన్న సిగ్నల్‌ను ఇంకో చుట్ట పట్టుకుంటుంది. ఇళ్లకు వచ్చే కరెంటు 50 లేదా 60 హెర్ట్జ్, నాణేల వేటకు వాడే మెషీన్లు ఎక్కువగా 5 నుంచి 20 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, మరి రెండింటికీ గొడవేమిటి అనిపిస్తుంది. కానీ ఆ 50 హెర్ట్జ్‌కి 100, 150 అంటూ గుణిజాలు ఉంటాయి, అవి పైపైకి పాకుతూ కిలోహెర్ట్జ్‌ల దాకా వస్తాయి. పైగా ఎల్ఈడీ లైట్లు, చార్జర్లు, విద్యుత్ కంచెలు, ఇవన్నీ తమ వంతు కలుపుతాయి.

సెన్సిటివిటీ, అంటే మెషీన్ ఎంత చిన్న సిగ్నల్ దాకా వినాలో చెప్పే సెట్టింగ్, తగ్గించబోతుంటే నా స్నేహితుడు ఆపాడు.

"ఆగు, ఫోన్ ఎక్కడుందిరా?"

"జేబులోనే."

"ముందు అది ఫ్లైట్ మోడ్‌లో పెట్టు."

పెట్టగానే మోత దాదాపు సగం తగ్గింది. తర్వాత తను ఓ పాతిక అడుగులు దూరం జరిగితే ఇంకొంచెం తగ్గింది. రెండు మెషీన్లూ దగ్గరి ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తుంటే ఒకదాని మాట ఒకటి వింటాయి మరి. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను వెతకడానికి గ్రాహంబెల్ ఇలాంటి పరికరమే తెచ్చాడు, తూటా మాత్రం దొరకలేదు. అధ్యక్షుడు పడుకున్న పరుపులో ఉక్కు తీగలున్నాయని తర్వాత తెలిసింది. ఆ కథ నాకు చాలా ఇష్టం. ఇవాళ జేబులోంచి ఫోన్ తీస్తుంటే అదే గుర్తొచ్చింది.

అప్పుడు అసలు పరీక్ష పెట్టాం. ఒక రాగి నాణేన్ని పదిహేను సెంటీమీటర్ల లోతులో పూడ్చి పైన మట్టి గట్టిగా నొక్కాం. సెన్సిటివిటీ పూర్తిగా పెంచి ఊపితే నాణెం ఉందో లేదో చెప్పలేకపోయాను, నాలుగు ఊపులకు ఒకసారి ఏదో మోగుతుంది, నంబర్ మాత్రం ఒక్కచోట నిలవదు. మూడో వంతు తగ్గించాను. కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి, రెండు వైపులా ఒకే గొంతు, నంబర్ కూడా ఒకటి రెండు అంకెల తేడాలోనే. ఆ ఒక్క శబ్దం వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

సెన్సిటివిటీ తగ్గిస్తే లోతు పోతుందని అందరికీ భయం, నాకూ ఉండేది. కానీ లెక్క చూస్తే ధైర్యం వస్తుంది. నాణెం కాయిల్ సైజుకి బాగా మించిన లోతులో ఉన్నప్పుడు తిరిగొచ్చే సిగ్నల్ దూరానికి దాదాపు ఆరో ఘాతంలో పడిపోతుంది, అంటే లోతు రెట్టింపైతే సిగ్నల్ 64వ వంతే. అదే లెక్కను తిరగేస్తే, మెషీన్ వినే శక్తి సగానికి తగ్గినా పోయే లోతు నూటికి 11 వంతులే, కాయిల్‌కి దగ్గరగా ఉన్న నాణేలకైతే ఇంకొంచెం ఎక్కువ. తెర మీద అంకె సగం చేస్తే శక్తి సరిగ్గా సగమవుతుందని కాదు, అది ఒక్కో మెషీన్‌లో ఒక్కోలా ఉంటుంది. కానీ గోలలో మునిగిపోయిన ముప్పై సెంటీమీటర్ల కన్నా స్పష్టంగా వినిపించే పదిహేను నాకు మేలు.

పనికిరాని లోహాన్ని వినిపించకుండా చేసే డిస్క్రిమినేషన్ పెంచి గోల తగ్గిద్దామని కూడా చూశాను. చప్పుడు తగ్గినట్టే అనిపిస్తుంది, కానీ మెషీన్ లోపల గోల అలాగే ఉంటుంది, వినిపించే ముక్కలు మాత్రమే కత్తిరించుకుపోతాయి, వాటితో పాటు నాణెం శబ్దం కూడా తునకలవుతుంది. అది మేకులూ సీసా మూతల కోసం పెట్టిన జల్లెడ, గాల్లోంచి వచ్చేదాన్ని అది ఆపలేదు.

మధ్యాహ్నం స్నేహితుడి మెషీన్ తీసుకున్నాను, అది మల్టీ ఫ్రీక్వెన్సీ. అన్నిటికీ అదే జవాబని నేను అనుకుంటూ వచ్చాను, ఇవాళ తీగల కింద ఆ నమ్మకం కొంచెం సడలింది. ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వింటుంది కాబట్టి గోల దూరే కిటికీలు కూడా ఎక్కువే. సింగిల్‌కి, అంటే ఒకే ఫ్రీక్వెన్సీకి, మార్చి 5, 10, 15 కిలోహెర్ట్జ్ ఒక్కొక్కటీ పెట్టి చూస్తే 5లో నిలబడలేనంత మోత, 15లో దాదాపు నిశ్శబ్దం. ఇంకో చోట ఇదే తలకిందులు కావచ్చు. రాగి, వెండి లాంటి బాగా వాహకమైన నాణేలకు తక్కువ ఫ్రీక్వెన్సీ మంచిదంటారు, నిజమే, కానీ ఆ తక్కువలోనే గోల కూర్చుంటే ఏం చేస్తాం. అందుకే ఫ్రీక్వెన్సీ మార్చుకునే వీలున్న మెషీనే కావాలని ఇవాళ గట్టిగా అనిపించింది. మైన్‌ల్యాబ్ కంపెనీ ఎక్స్‌టెర్రా ప్రోలో 5, 8, 10, 15 ఉన్నాయి, ఎక్వినాక్స్ 800లో మల్టీతో పాటు 5, 10, 15, 20, 40 ఉన్నాయి. దానికి తోడు నాయిస్ క్యాన్సిల్ ఉండాలి, అది పనిచేసే ఫ్రీక్వెన్సీని కాస్త అటూ ఇటూ జరిపి నిశ్శబ్దంగా ఉన్న సందు వెతుకుతుంది. అది నొక్కేటప్పుడు కాయిల్‌ని కదపకూడదు, నేను మొదటిసారి ఊపుతూనే నొక్కాను, మళ్లీ చేయాల్సి వచ్చింది.

చిన్న కాయిల్ గురించి ఎవరూ గట్టిగా చెప్పరు ఎందుకో. పదకొండు అంగుళాలది తీసి ఆరు అంగుళాలది బిగించగానే గోల బాగా తగ్గింది, కాయిల్ చిన్నదైతే అది పట్టే విద్యుత్ గోల కూడా తక్కువే. లోతు తగ్గుతుంది, ఒక ఊపులో తుడిచే నేలా తగ్గుతుంది, కానీ మేకుల మధ్య ఇరుక్కున్న నాణేన్ని విడదీసి చూపిస్తుంది. దానితోనే ఇవాళ్టి ఒకే ఒక్క నాణెం దొరికింది, ఒక చెట్టు వేరు పక్కన, నాలుగు అంగుళాల లోతులో. అంచు చుట్టూ పచ్చటి తుప్పు, మధ్యలో ఎవరి వేళ్లకో అరిగిపోయిన నునుపు. నీళ్లతో కడగాలనిపించింది కానీ రుద్దకుండా గుడ్డలో చుట్టి పెట్టాను.

సాయంత్రం వీధి లైట్లు వెలిగాయి, నేను నిలబడ్డ చోటే, అదే సెట్టింగ్‌తో, మళ్లీ టకటక. మధ్యాహ్నం నిశ్శబ్దంగా ఉన్న 15 కూడా కొంచెం తడబడింది. ఒక్క పూట చూసి తేల్చేసి ఉంటే తప్పు లెక్కతో ఇంటికి వచ్చేవాణ్ని.

పరీక్షకు పూడ్చిన నాణెం తీయలేదు. చెట్టు మొదలు నుంచి ఏడు అడుగులు, తీగల వైపుకి. స్నేహితుడు తన మెషీన్ వారం పాటు ఉంచుకోమన్నాడు. రేపు తెల్లారకముందే, లైట్లు ఇంకా వెలుగుతుండగానే వెళ్లి ముందు పెద్ద కాయిల్‌తో, తర్వాత చిన్నదానితో చూస్తాను.