డెబ్బై దాటిన పైలటుకు ఒక సంతకం కావలసి వచ్చినప్పుడు

విమానం నడపడానికి కావలసిన కాగితాల పని పూర్తయింది. వైద్యుల సంతకం పడిన చెక్‌లిస్టు, కోర్సు పూర్తిచేసినట్టు పత్రం, శిక్షకురాలితో కలిసి ఎగిరే ఫ్లైట్ రివ్యూ అయినట్టు లాగ్‌బుక్కులో రాత, మూడూ నా దగ్గర ఉన్నాయి. అమెరికాలో సరదాకు చిన్న విమానం నడిపేవారిలో నా వయసువాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో ఎవరైనా ఇదే దారిలో వెళ్లబోతుంటే ముందుగా తెలియాలని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ముందు నేపథ్యం. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు గడువు ఉండదు, పై వయసు పరిమితి కూడా లేదు. గడువు ఉండేది ఆరోగ్య పత్రానికి. ప్రైవేటు పైలట్లకు కావలసిన మూడో తరగతి మెడికల్ సర్టిఫికెట్ నలభై దాటినవారికి 24 నెలలే చెల్లుతుంది. 2016లో చేసిన చట్టం ఆధారంగా 2017 మే 1 నుంచి ఇంకో దారి వచ్చింది, దాని పేరు బేసిక్‌మెడ్. 2006 జులై 14 తర్వాత ఎప్పుడైనా చెల్లుబాటయ్యే మెడికల్ సర్టిఫికెట్ ఉండి ఉంటే, ఆ తర్వాత 48 నెలలకు ఒకసారి లైసెన్సు ఉన్న ఏ వైద్యుడి దగ్గరైనా పరీక్ష చేయించుకుని, 24 నెలలకు ఒకసారి ఇంటర్నెట్‌లో కోర్సు చదివితే చాలు. 18,000 అడుగుల లోపు, 250 నాట్ల వేగం లోపు ఎగరాలి. విమానం బరువు, సీట్ల పరిమితిని 2024 నవంబరులో పెంచారు. ఇప్పుడది 12,500 పౌండ్లు, ఏడు సీట్లు. నేను నడిపేది క్లబ్బువారి సెస్నా 172. నాలుగు సీట్ల విమానం కాబట్టి ఆ పరిమితులతో నాకు ఇబ్బందే లేదు.

నాకు రక్తపోటు ఉంది, మందులతో అదుపులో ఉంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇవేవీ ఎగరడానికి అడ్డం కావు. అయినా బేసిక్‌మెడ్ ఎంచుకోవడానికి కారణం ఉంది. మూడో తరగతి మెడికల్‌కు దరఖాస్తు పెట్టి తిరస్కరణ తెచ్చుకుంటే బేసిక్‌మెడ్ తలుపు కూడా మూసుకుంటుంది. అందుకే ఆరోగ్యంలో ఏ చిన్న సందేహం ఉన్నా, ఫారం పంపే ముందే ఆ మెడికల్ పరీక్ష చేసే వైమానిక వైద్యుడితో విడిగా మాట్లాడండి. ఫారం ఆయన తెరిచాక వెనక్కి తీసుకోవడం ఉండదు. గుండెపోటు వచ్చినవారికి, కవాటం మార్పించుకున్నవారికి బేసిక్‌మెడ్‌లోకి రావాలన్నా ముందుగా ఒకసారి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ప్రత్యేక అనుమతి కావాలి. ఆ విషయంలో తెలిసినవాళ్ల మాటలు నమ్ముకోకండి.

చెక్‌లిస్టులో నేను నింపాల్సిన భాగం ఒక సాయంత్రంలో అయిపోయింది. మందుల పేర్లు, పాత జబ్బులు, గత మూడేళ్లలో చూసిన వైద్యులు, అంతే.

అసలు కథ వైద్యుడి భాగంతో మొదలైంది.

ఏళ్ల తరబడి నన్ను చూస్తున్న డాక్టరు దగ్గరికే మొదట వెళ్లాను. ఆయన కాగితం తిరగేసి, తమ ఆసుపత్రి యాజమాన్యం ఈ ఫారం మీద సంతకం పెట్టవద్దని ఉద్యోగ వైద్యులందరికీ చెప్పిందని అన్నారు. ఆయన ముఖంలో ఇబ్బంది కనిపించింది, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ల మీద మాత్రం చాలా ఉంది. ఆ సంతకంతో డాక్టరు చెప్పేది ఇంతే: చెక్‌లిస్టులోని అంశాలన్నీ ఇతనితో మాట్లాడాను, పరీక్షించాను, ప్రస్తుతం జరుగుతున్న చికిత్సతో విమానం సురక్షితంగా నడపడానికి అడ్డువచ్చే జబ్బు ఏదీ నాకు తెలియదు. రేపు ఏమీ కాదని హామీ ఇవ్వమని ఎవరూ అడగడం లేదు. ఇంతకాలం నా గుండె చప్పుడు విన్న మనిషికి ఆ మాట రాసే అధికారం లేదట, ఎక్కడో కూర్చున్న న్యాయవిభాగానికి ఉందట.

తర్వాత ఇంకో క్లినిక్‌కు ఫోను చేశాను. వెంటనే అపాయింట్‌మెంటు ఇచ్చారు, కానీ డాక్టరుతో కాదు, రోగులను చూసే అర్హత ఉన్న నర్స్ ప్రాక్టీషనర్‌తో. ఇది వైద్య పట్టా, అంటే ఎండీ గానీ డీఓ గానీ, ఉన్న డాక్టర్లే చేయాలని చెబితే, ఫోను ఎత్తిన అమ్మాయి నేను పేచీకోరునన్నట్టు మాట్లాడింది. చివరికి డాక్టరుతోనే సమయం దొరికింది.

ఆ రోజు మా అమ్మాయి నాతో వచ్చింది. తర్వాత ఇద్దరం కలిసి వేరే పని మీద వెళ్లాలి, అంతకు మించి ఆమె రావడానికి కారణం లేదు. డాక్టరు వయసులో మా అమ్మాయి కన్నా చిన్నవాడే. గదిలోకి వచ్చి నాకు నమస్కారం చెప్పి, కుర్చీ ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"మీ నాన్న ఇంకా కారు నడుపుతున్నారా?" అని ఆమెను అడిగాడు.

"ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయననే అడగండి" అంది మా అమ్మాయి.

నన్ను అడగలేదు. మళ్లీ ఆమెనే అడిగాడు. మందులు వేళకు వేసుకుంటారా? పేర్లు మర్చిపోతుంటారా? ఈమధ్య ఎక్కడైనా పడ్డారా? ప్రతి ప్రశ్నకూ ఆమె నా వైపు చూసేది, నేను జవాబు చెప్పేవాణ్ణి, అతను ఆ జవాబు ఆమె చెప్పినట్టే ఆమె వైపు తలాడిస్తూ రాసుకునేవాడు. ఇంజనీరుగా జీవితమంతా పెద్ద పెద్ద యంత్రాలకు జవాబుదారీగా ఉన్నవాణ్ణి. నా క్షేమం గురించి నా ముందే, నన్ను దాటించి మాట్లాడటం అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. మా అమ్మాయి చేతులు ఒళ్లో బిగుసుకోవడం చూశాను. నాకన్నా ఆమె ఎక్కువ బాధపడింది.

తర్వాత మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. కాగితం మీద గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపించమన్నాడు. మళ్లీ ఆ మూడు మాటలు అడిగాడు. చెప్పాను. గడియారం కూడా సరిగ్గా వచ్చింది. ఈ పరీక్ష పెట్టినందుకు నేను తప్పుపట్టను. చెక్‌లిస్టులో జ్ఞాపకశక్తి కూడా ఒక అంశమే, అది ఉండవలసిందే. మతి తప్పుతున్న పైలటు తనకు మతి తప్పుతోందని తనంతట తాను కనిపెట్టలేడు, బయటివాళ్లు చూడాలి. రక్తపోటు చూశాడు, గుండె విన్నాడు, కంటి డాక్టరు ఇచ్చిన నివేదిక చదివాడు. అన్నీ బాగున్నాయని తనే అన్నాడు.

తర్వాత పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"పరీక్షల్లో తేడా ఏమీ లేదు. కానీ ఈ వయసులో ఇదంతా ఎందుకు? నేను సంతకం పెట్టలేను. విమాన సంస్థల పైలట్లు కూడా అరవై అయిదుకు ఆపేస్తారు కదా?"

ఆ నియమం ఏమిటో అతనికి చెప్పాను. అది విమాన సంస్థలకు పెట్టింది, 2007 డిసెంబరు వరకు అరవైగా ఉండేది, అప్పుడు అరవై అయిదు చేశారు. టికెట్టు కొని వందలమంది ఎక్కే విమానం గురించిన లెక్క అది. సొంతంగా, ఎండ ఉన్న పగటిపూట, నాలుగు సీట్ల విమానం నడిపేవాడికి చట్టం వయసు గీత గీయలేదు, సామర్థ్యం చూడమంది. అతను వినలేదు. పరీక్ష ఫలితంతో నిమిత్తం లేకుండా పుట్టిన తేదీ చూసినప్పుడే నిర్ణయం అయిపోతే, మరి గడియారం ఎందుకు గీయించినట్టు?

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వయసు పైబడిన పైలటుతో ప్రమాదం లేదని నేను అనడం లేదు, ఉంది. చీకట్లో కంటిపాప కుర్రతనంలో విప్పారినంతగా విప్పారదు. ఎత్తైన స్వరాలు చెవికి అందవు, దానితో రేడియోలో హల్లులు జారిపోతాయి. అకస్మాత్తుగా రెండు పనులు మీద పడితే తేరుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఇవన్నీ కొలవగలిగినవి, సరిదిద్దగలిగినవి, లేదా ఇక ఆపేయమని చెప్పగలిగినవి. కొలవడానికి బద్ధకించి అందరినీ ఒకే గాటన కట్టేస్తే, ఆరోగ్యంగా ఉన్నవాడు అవమానంతో వెళ్లిపోతాడు. నిజంగా జబ్బున్నవాడు దాన్ని దాచడం నేర్చుకుంటాడు. ఆ రెండోవాడే ప్రమాదం. పెద్దవాళ్ల గురించి వాళ్ల పిల్లలతో మాట్లాడే వైద్యులు ఆ దాపరికాన్ని తామే పెంచుతున్నారు.

చివరికి క్లబ్బులో ఒక మిత్రుడు, తనే విమానం నడిపే ఒక వైద్యురాలి పేరు చెప్పాడు. ఆమెది అసలైన పరీక్ష. సంతకం సులువుగా దొరికే చోటు వెతుక్కున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు, ముందరి డాక్టరు కన్నా ఆమె చాలా కఠినం. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి రక్తపోటు చూశారు. రక్తపోటు మందులు వాడేవారికి లేవగానే కళ్లు తిరిగే ప్రమాదం ఉంటుందట. ఆరడుగుల దూరంలో వెనక్కి తిరిగి నిలబడమని మామూలు గొంతుతో మాట్లాడి, విన్నది చెప్పమన్నారు. ఆపరేషన్‌లో పెట్టిన కటకాలు ఏ రకమో, రెండు కళ్లకూ ఒకే దూరానికి అమర్చినవో కాదో అడిగారు. ఒక కంటికి దూరం, ఇంకో కంటికి దగ్గర కనిపించేలా సరిచేస్తే లోతు అంచనా దెబ్బతింటుంది. 1996 అక్టోబరులో న్యూయార్క్ లాగార్డియాలో ఒక ప్రయాణికుల విమానం రన్‌వేకు ముందున్న దీపాల వరుసను, రన్‌వే అంచును ఢీకొన్న ప్రమాదంలో, కెప్టెన్ పెట్టుకున్న అలాంటి కాంటాక్ట్ లెన్సులను దర్యాప్తువారు కారణాల్లో చేర్చారు. నావి రెండూ దూరానికే అమర్చినవి. పరికరాలు చదవడానికి అద్దాలు పెట్టుకుంటాను, ఇంకో జత ఎప్పుడూ జేబులో ఉంటుంది.

ఆమె ఎక్కువసేపు అడిగింది మాత్రం దుకాణంలో చీటీ లేకుండా దొరికే మాత్రల గురించి. జలుబుకో, అలర్జీకో, నిద్ర పట్టడానికో వాడే డైఫెన్‌హైడ్రమిన్ మత్తు మర్నాడు కూడా వదలదు. అది వేసుకున్నాక 60 గంటలు ఎగరవద్దని ఎఫ్‌ఏఏ చెబుతుంది. మా ఇంట్లో ఆ మాత్ర ఒక్కటి కూడా ఉండదని గర్వంగా చెప్పాను, ఇక్కడ కూడా గర్వంగానే రాస్తున్నాను. మీ మందుల పెట్టె ఇప్పుడే తెరిచి చూడండి. మందు పేరు ఏదైనా సరే, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఆ రసాయనం పేరు ఉంటుంది.

ఆమె ప్రతి ప్రశ్నా నన్నే అడిగారు. సంతకం పెట్టారు.

ఆ తర్వాత కోర్సు. పైలట్ల సంఘం ఏఓపీఏ దాన్ని ఉచితంగా ఇస్తోంది. చదివి, చివరి ప్రశ్నలకు జవాబిచ్చి, వైద్యురాలి వివరాలు నింపితే పత్రం వస్తుంది. చెక్‌లిస్టు ఎఫ్‌ఏఏకు పంపనక్కరలేదు, లాగ్‌బుక్కుతో పాటు దాచుకోవాలి.

మిగిలింది ఫ్లైట్ రివ్యూ. చట్టం ప్రకారం 24 నెలలకు ఒకసారి, కనీసం గంటసేపు నేల మీద చర్చ, గంటసేపు గాలిలో. మా శిక్షకురాలికి ముప్పై కూడా ఉండవు. పరిచయమైన రన్‌వే చుట్టూ తిప్పి దింపేస్తే నాకేమీ ఉపయోగం లేదని ముందే చెప్పాను. ఆమె మొహమాటపడలేదు. రన్‌వేకు సమాంతరంగా వెళ్తుండగా ఇంజను శక్తిని తగ్గించే మీట, థ్రాటిల్, లాగేసి, ఇంజను పోయిందనుకోమంది. దించాను. నేలకు బాగా దగ్గరికొచ్చాక మళ్లీ పైకి లేవమంది, లేచాను. తెలియని విమానాశ్రయానికి తీసుకెళ్లి, దిగే ముందు రన్‌వే మార్చి, అదే సమయంలో రేడియో ఫ్రీక్వెన్సీ కూడా మార్చమంది.

దిగాక ఆమె చెప్పిన మాట నాకు చాలా విలువైనది. "మీ ల్యాండింగుల గురించి నాకు దిగులు లేదండి. కానీ రేడియోలో పొడవైన సూచన వస్తున్నప్పుడు మీ చూపు కిటికీ బయటి నుంచి లోపలికి వచ్చేస్తోంది. రెండేళ్ల క్రితం ఇలా లేదు." నా వయసు గురించి ఇంతమంది మాట్లాడారు, నా విమానం నడకలో ఏం మారిందో చెప్పింది ఈ అమ్మాయి ఒక్కతే. మందు కూడా తనే చెప్పింది. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాతే మాట. సూచన పొడవుగా ఉంటే నిదానంగా మళ్లీ చెప్పమని అడగాలి. మోకాలి మీద కాగితంపై రాసుకోవాలి. తర్వాతి ఫ్రీక్వెన్సీని ముందే రేడియోలోని రెండో గడిలో పెట్టుకోవాలి. ఇంకా కొన్నిసార్లు ఆమెతో ఎగిరి, చూపు బయటే నిలవడం చూశాకే లాగ్‌బుక్కులో రాసింది. ఫ్లైట్ రివ్యూలో ఫెయిల్ అంటూ ఉండదు. శిక్షకులకు తృప్తి కలగకపోతే ఆ ఎగురుడు శిక్షణ కింద నమోదవుతుంది, అంతే. కాబట్టి భయపడి మెతకగా ఉండే శిక్షకుడి కోసం వెతక్కండి.

2007లో ప్రచురించిన ఒక పరిశోధనలో 40 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 118 మంది పైలట్లను మూడేళ్లపాటు సిమ్యులేటర్‌లో పరీక్షించారు. శిక్షణ, అర్హతలు ఎక్కువగా ఉన్నవారి పనితీరు కాలంతో తక్కువగా క్షీణించింది. నేను దాన్ని నమ్ముతాను. అందుకే ఫ్లైట్ రివ్యూను ఇకపై ఏడాదికి ఒకసారి చేయించుకుంటాను. రాత్రి ఎగరడం మానేశాను. పక్క నుంచి వీచే గాలి 15 నాట్లు ఉన్నా 172ను నడిపి చూపినట్టు దాని పుస్తకంలో రాసి ఉంది, కానీ నా పరిమితి 10. ముందురోజు నిద్ర సరిపోకపోతే విమానం హ్యాంగర్‌లోంచి బయటికి రాదు. ఇక ఆపేయండి అని శిక్షకురాలు ఏరోజు చెబితే ఆ రోజే తాళం చెవి ఇచ్చేస్తానని మా అమ్మాయి ఎదుటే ఆమెకు మాటిచ్చాను.

సంతకం నిరాకరించిన క్లినిక్‌కు ఉత్తరం రాశాను. బేసిక్‌మెడ్ నియమాలున్న ఎఫ్‌ఏఏ నిబంధనల 68వ భాగం ప్రతిని జతచేసి, రెండు ప్రశ్నలు అడిగాను. పరీక్షలో తేడా లేదన్నాక సంతకం ఆపడానికి వైద్య కారణం ఏమిటి? రోగి ఎదురుగా ఉండగా ప్రశ్నలు అతని కూతురిని ఎందుకు అడిగారు? ఉత్తరం అందినట్టు కబురొచ్చింది, జవాబు ఇంకా రాలేదు. వచ్చేవరకు రాస్తూనే ఉంటాను.