హెల్మెట్ మీద పేరు

నిన్న కోకాపేట సైట్‌లో ఆరో అంతస్తు స్లాబ్ వేశాం. కాంక్రీట్ పంప్ వచ్చేలోపు మా జూనియర్ ఇంజినీర్ తన తెల్ల హెల్మెట్ మీది పాత పేరు స్టిక్కర్‌ని గోటితో గీకి గీకి తీసేసి, మార్కర్‌తో కొత్త పేరు రాసుకున్నాడు. ట్రాన్స్ అబ్బాయి. (అతన్ని అడిగే రాస్తున్నాను.) మేస్త్రి ఆ పేరు ఒకసారి చూసి, "సార్, కాంక్రీట్ వైబ్రేటర్ ఇటు పంపించండి" అన్నాడు. మొన్నటిదాకా మేడమ్ అన్న నోరే. నాకు కళ్లు చెమర్చాయి.

నేను గే అని ఆఫీసులో చెప్పడానికి పదకొండేళ్లు పట్టింది. 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదని సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పిచ్చిన రోజు కూడా డ్రాయింగుల్లో తల దూర్చి కూర్చున్నాను, అంత భయం. టీమ్ లీడ్ అయ్యాకే నోరు విప్పాను. ఆ తర్వాతే ఇతను నా దగ్గరికొచ్చి మాట్లాడాడు.

అతని మొదటి కష్టం బాత్రూమ్. ఏ తలుపు తీయాలో తెలియక మండుటెండలో నీళ్లు తాగడమే మానేశాడు! ట్రాన్స్‌జెండర్ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనల్లో యూనిసెక్స్ టాయిలెట్ల మాట ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి మేనేజ్‌మెంట్ ముందు పెట్టాను. లోపల గడియ ఉన్న గది ఒకటి వచ్చింది.

అదే చట్టం ప్రకారం ఉండాల్సిన ఫిర్యాదుల అధికారిని మాత్రం ఇంకా వేయలేదు. సోమవారం మళ్లీ అడుగుతాను.