ముందుగా తీసి ఉంచే పిడికెడు

తృప్తిగా, నలుగురి పట్ల దయగా బతకడం ఎలాగని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తుకు వచ్చేది డొక్కా సీతమ్మ గారు. 1841లో మండపేటలో పుట్టి, డొక్కా జోగన్న గారి ఇల్లాలిగా కోనసీమలోని లంకల గన్నవరం చేరిన ఆమె, 1909లో కన్నుమూసే వరకు ఆకలితో తన గడప తొక్కిన వారికి అన్నం పెడుతూనే గడిపారు. గోదావరి పాయలను పడవల మీద దాటవలసిన ఆ రోజుల్లో బాటసారులు ఏ వేళకు ఒడ్డు చేరతారో ఎవరూ చెప్పలేకపోయేవారు. అర్ధరాత్రి తలుపు తట్టినా ఆ ఇంట్లో ఆకు వేసి వడ్డించేవారని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అలా వేళ కాని వేళలో అన్నం పెట్టడానికి మంచి మనసు ఒక్కటే సరిపోదు. బియ్యం చెరిగి ఉండాలి, కట్టెలు ఎండి ఉండాలి, ఊరగాయ జాడీ నిండుగా ఉండాలి, పెరుగు తోడుకుని ఉండాలి. అంటే రాబోయే మనిషి ఎవరో తెలియక ముందే అతని వాటా ఆ ఇంట్లో సిద్ధమై ఉండేదన్నమాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నీటితో డెల్టాలో వరి బాగా పండిన మాట నిజమే, ఆ పంట లేకపోతే అంత అన్నదానం సాగేది కాదన్నదీ నిజమే. అయితే అదే నీటితో అదే వరి పండించిన ఇళ్లన్నీ సీతమ్మ గారి ఇల్లు కాలేదు. పంట ఎంత వచ్చిందన్న లెక్క కంటే, అందులో కొంత తమది కాదని ముందే నిర్ణయించుకోవడంలోనే తేడా ఉన్నదని నేను నమ్ముతాను.

ఆమె గురించి చెప్పుకునే కథల్లో నాకు బాగా ఇష్టమైనది అంతర్వేది ప్రయాణం. నరసింహస్వామి దర్శనానికి బయలుదేరిన ఆమెకు దారిలో కొందరు ప్రయాణికులు ఎదురుపడ్డారట. కాస్త ఓర్చుకుంటే సీతమ్మ గారి ఇంటికి చేరి భోజనం చేయవచ్చునని వారు ఆకలితో ఉన్న తమ పిల్లలను సముదాయించడం విని, ఆమె దర్శనం మానుకుని వెనక్కి వచ్చి వంట చేశారట. బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆహ్వానం వస్తే వెళ్లలేదన్నది మరో ప్రసిద్ధమైన కథ. గోదావరి వైనతేయ పాయ మీది అక్విడెక్టుకు (కాలువ నీటిని నది మీదుగా దాటించే వంతెనకు), 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టారు. వాటిలో ఆ బడి భోజనానికి పేరు పెట్టడమే ఆమెకు తగిన గౌరవమని నాకు అనిపిస్తుంది.

సీతమ్మ గారిలా మనం చేయలేము, అందరూ చేయవలసిన అవసరమూ లేదు. సామాన్యుల ఇళ్లలో ఇదే బుద్ధిని నిలబెట్టిన అలవాటు పిడికెడు బియ్యం. అత్తెసరుకు బియ్యం కొలిచి, కడిగే ముందే అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. కుండ నిండాక గుడికో, సత్రానికో, లేని ఇంటికో ఇచ్చేవారు. ఆ పిడికెడు తీసినందువల్ల ఇంట్లో ఎవరికీ అన్నం తక్కువయ్యేది కాదు, కొలతలో తేడా కూడా తెలిసేది కాదు. మా ఇంట్లో ఇప్పుడు ఆ కుండ స్థానంలో మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా ఉంది. పురుగు పట్టకుండా నాలుగు ఎండుమిరపకాయలు వేసి, పొయ్యి పక్కనే, బియ్యం కొలిచే గ్లాసు ఉండే చోటే పెడతాము, ఎందుకంటే చేతికి అందే దూరంలో లేని మంచి అలవాటు నాలుగు రోజుల్లో మరుగున పడిపోతుంది.

ఈ సందర్భంలో ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. తినగా మిగిలి, ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉండి, ఇక మనం తినలేమని తేలాక పనిమనిషి చేతిలో పెట్టే కూరను దానం అనడం నాకు ఎంత మాత్రమూ నచ్చదు. పారబోసే పాపం మనకు అంటకుండా దాన్ని ఇంకొకరి మీదకు నెట్టడమే అది. పుచ్చుకునే మనిషికి ఆ తేడా చెప్పకుండానే తెలుస్తుంది, తెలిసినా ఉద్యోగం కోసం నవ్వుతూ తీసుకుంటుంది. పొద్దున్న ఉప్మా చేసినప్పుడు ఆమెకూ కలిపి రవ్వ పోసి, వేడిగా ఉండగానే పళ్లెంలో పెట్టి, "కూర్చుని తినమ్మా, పని తరువాత చూసుకుందువు గాని" అంటే ఖర్చయ్యేది గుప్పెడు రవ్వ. పెట్టే వస్తువుతో పాటు కూర్చునే చోటు, తినేందుకు తీరిక, ఒక మంచి మాట ఇవ్వగలిగితేనే ఆ మనిషికి తాను పరాయిదాన్నన్న భావన కలగదు.

తృప్తికి దీనితో సంబంధం ఏమిటని అడిగేవారు ఉంటారు. మనకు అన్నీ సమకూరాక ఇతరులకు ఇద్దామనుకుంటే ఆ రోజు రాదు, ఎందుకంటే జీతం పెరిగిన కొద్దీ అవసరాల జాబితా కూడా పెరుగుతూనే ఉంటుంది. ముందే కొంత తీసి పక్కన పెట్టిన ఇంట్లో మాత్రం మిగిలినదాంతోనే నెల గడపడం అలవాటవుతుంది, పక్కింటివారి కొత్త కారు గురించి మాట్లాడుకోవడం తగ్గుతుంది. డబ్బు విషయంలోనే కాక సమయం విషయంలోనూ ఇది పనికి వస్తుందని నా అనుభవం. ఆదివారం పొద్దున్న ఒక గంటను ఒంటరిగా ఉంటున్న మేనత్తకు ఫోన్ చేయడానికని ముందే కేటాయించుకుంటే ఆ గంట ఎప్పుడూ దొరుకుతుంది, ఖాళీ దొరికినప్పుడు చేద్దామనుకుంటే పండుగలు కూడా దాటిపోతాయి.

పిల్లలున్న ఇంట్లో ఆ పిడికెడు వారి చేతనే వేయించమని నా సలహా. చిన్న చేతి గుప్పిట్లో పట్టేది కొద్దిపాటి బియ్యమే అయినా, డబ్బా నిండినప్పుడు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే హక్కు కూడా వారికే వదలండి. మనకు తట్టని ఇంటి పేరు చాలాసార్లు వారే చెబుతారు.