ఒక్క రబ్బరు టిప్పు

మాది నార్డిక్ వాకింగ్ గుంపు, అంటే రెండు చేతుల్లో పోల్స్ అనే సన్నటి కర్రలు పట్టుకుని, వాటితో నేలని వెనక్కి నెడుతూ నడిచేవాళ్ళం. గుంపులో కొత్తగా చేరిన మన తెలుగావిడ కుడి పోల్‌కి మొన మీద తొడిగే రబ్బరు టిప్పు ఉంది, ఎడమదానికి లేదు. ఫిన్లాండ్‌లో మేం నడిచే లెప్పావారాలో పార్కింగ్ దగ్గర్నుంచి అడవి దారి మొదలయ్యేదాకా తారు రోడ్డంతా టక్కు, ధప్పు, టక్కు, ధప్పు. చెప్తే "పోనిద్దురూ, నడకే కదా" అంది. ఆ మాట నన్ను పడుకోనివ్వడం లేదు.

ఆ టిప్పు అలంకారం కాదు. పోల్ చివర ఉండేది గట్టి లోహపు మొన. మట్టిలో, కంకరలో, గడ్డకట్టిన నేలలో దిగడానికి చేసింది. తారు మీద దిగదు, జారుతుంది. జారకుండా తగిలితే ఆ అదురు మణికట్టు మీదుగా మోచేతికి పాకుతుంది. కాసేపటికి ఆ చెయ్యి వెనక్కి నెట్టడం మానేసి పోల్‌ని ఊరికే మోస్తుంది. పని మొత్తం రెండో చేతి మీద పడుతుంది, నడుము ఒకవైపు తిరగడం మొదలెడుతుంది. ఆవిడ నడక సరిగ్గా అలాగే ఉంది.

టిప్పులు ఎందుకు పోతాయంటే, బురదలో దిగి పోల్ పైకి వస్తుంది, రబ్బరు అక్కడే ఉండిపోతుంది. లేదా పోల్ లావుకి సరిపోని టిప్పు కొంటారు. పోల్ మొన దగ్గర ఎంత లావో చూసి కొనాలి. అరిగి లోపలి లోహం బయటికి కనిపిస్తోందంటే మార్చేయాల్సిందే. బూటు ఆకారంలో ఉన్న టిప్పైతే దాని ముక్కు వెనక్కి చూడాలి. ముందుకి తిప్పి పెట్టుకున్నవాళ్ళు మా గుంపులోనే ఇద్దరు ముగ్గురున్నారు. అడవి దారి రాగానే తీసి జేబులో వేసుకోవాలి, ఎందుకంటే తడిసిన ఆకుల మీద జారేది రబ్బరే. జేబులో అదనంగా ఒక జత ఉంటే ఈ గొడవే లేదు.

ఇంత చిన్న సంగతి ఒంటరిగా నడిచేవాళ్ళకి ఎవరు చెప్తారు? గుంపులో చేరమని నేను అందరి ప్రాణం తీసేది అందుకే. వెనక్కి వెళ్ళిన మన చెయ్యి మనకి కనబడదు. నార్డిక్ వాకింగ్ అంతా ఆ వెనక చేతిలోనే ఉంది.

అత్తయ్యగారు వచ్చిన కొత్తలో పోల్స్ పట్టుకుని అపార్ట్‌మెంట్ చుట్టూ తిరిగేవారు. రెండూ ముందు నిలువుగా పాతి, వాటిని పట్టుకుని నడక. చేతికర్రకీ దానికీ తేడా లేదు. దానికి తోడు కుడి చెయ్యి, కుడి కాలు కలిసి వచ్చేవి. నేను చెప్తే వినరు, ఆయన చెప్తే నవ్వుతారు. గుంపుకి రమ్మంటే "వాళ్ళ భాష రాదు, నేనేం చేస్తాను అక్కడ" అని భీష్మించుకున్నారు. చివరికి వచ్చారు. కోచ్ ఆవిడ ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడలేదు. ముందు స్ట్రాప్‌లు, అంటే పోల్‌ని చేతికి కట్టి ఉంచే పట్టీలు, చూసింది. ఎడమది కుడి చేతికి తొడుక్కున్నారు, మార్చింది, బొటనవేలి మొదట్లో బిగించింది. తర్వాత అత్తయ్యగారి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పేసి, పోల్స్‌ని వదిలేసి నడవమని సైగ చేసింది. చేతులు వేలాడేసి పోల్స్‌ని నేల మీద ఈడ్చుకుంటూ ఓ యాభై మీటర్లు. అంతే, కాలూ చెయ్యీ వాటంతటవే ఎదురెదురుగా వచ్చేశాయి! పోల్ ఏటవాలుగా వెనక్కే ఉంటుంది, ముందు అడుగు మడమ దాటి పోదు. అక్కణ్ణుంచి నెట్టాలి, చెయ్యి తుంటి దాటి వెనక్కి వెళ్ళాక అరచెయ్యి తెరుచుకోవాలి. స్ట్రాప్ ఉన్నదే అందుకు, పిడికిలి బిగిస్తే భుజాలు పట్టేస్తాయి. కోచ్ తర్వాత చాలాసేపు ఆవిడ వెనకే నడిచింది. చెయ్యి తెరుచుకోనప్పుడల్లా పోల్‌ని వెనకనుంచి మెల్లగా లాగేది. అత్తయ్యగారు తిరిగి చూసి తలూపేవారు.

మోకాళ్ళకి మంచిదని రాయబోయి ఆగాను. అందరూ అనే మాటే, నేనూ అన్నదే. కానీ చదును నేల మీద పోల్స్ వల్ల మోకాలి మీద బరువు తగ్గుతుందని కొలతల్లో నిలకడగా తేలలేదు. పల్లం దిగేటప్పుడు పోల్స్ మీద బరువు ఆనిస్తే మాత్రం తేడా తెలుస్తుంది. కాబట్టి మోకాళ్ళ పేరు చెప్పి ఎవర్నీ రమ్మనను. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. భుజాలు, వీపు, చేతి వెనక కండరాలు కూడా పనిచేస్తాయి కనుక అదే వేగంలో సుమారు 20 శాతం ఎక్కువ ఆక్సిజన్ వాడతాం, అంత అలుపు మాత్రం తెలియదు. కెనడాలో ఒట్టావా యూనివర్సిటీ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ పరిశోధన 2022లో వచ్చింది. గుండె రక్తనాళాల జబ్బున్న 130 మందిని మూడు రకాల వ్యాయామాల్లో 12 వారాలు పెట్టి చూశారు. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరన్న పరీక్షలో మిగతా రెండిటికంటే నార్డిక్ వాకింగ్ చేసినవాళ్ళు ఎక్కువ మెరుగయ్యారు. గుండె జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలనుకోండి.

ఇంకోటి, ఈ ఊళ్ళో చీకటి. అక్టోబరు చివర్లో గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఐదింటికే దీపాలు. ఒక్కదాన్నే వెళ్ళాలంటే సోఫా గెలుస్తుంది, గుంపు ఎదురుచూస్తోందంటే బూట్లు వేసుకుంటాను. వెలుగు పడితే మెరిసే రిఫ్లెక్టర్ మాత్రం అందరికీ ఉండాల్సిందే, ఇక్కడి చట్టం కూడా అదే చెప్తుంది. ముందువాళ్ళకి రెండు మీటర్ల ఎడం ఉంచాలి, వాళ్ళ పోల్స్ మొనలు వెనక్కి వస్తాయి. ఎవరూ పెద్దగా మాట్లాడరని నేను మొదట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు అదే నచ్చుతోంది. ఊపిరికి తగ్గ వేగం ఎవరిది వాళ్ళు చూసుకుంటారు, అత్తయ్యగారికి భాష రాలేదన్న బెంగా ఉండదు.

వచ్చే నెల అత్తయ్యగారు కాకినాడ వెళ్ళిపోతారు, ఆవిడకో జత పోల్స్ కొనాలి. పోల్ పొడవు ఎత్తుని 0.68తో గుణిస్తే వస్తుంది. ఆవిడ 155 సెంటీమీటర్లు, పోల్ 105. ఒకే ముక్కగా ఉండేది మంచిదే, అదురు తక్కువ, కానీ సూట్‌కేసులో పట్టదు, క్యాబిన్‌లోకి సాధారణంగా రానివ్వరు. ముక్కలు ఒకదాన్లోకి ఒకటి దూరి పొట్టిగా అయ్యేదే కొనాలి. కొనేముందు లాక్ బిగించి, ఒంటి బరువంతా ఆనించి చూడాలి. మిల్లీమీటరు కిందికి దిగినా తిరిగి ఇచ్చేయడమే. 105 దగ్గర మార్కర్‌తో గీత పెడతాను. అక్కడ కోచ్ ఉండరు కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరి వెనక ఒకరు నడుస్తూ ముందువాళ్ళ చెయ్యి చూస్తే చాలని చెప్పాను. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ ఎదురింటి పిన్నిగారికి ఫోన్ చేసి, "నీ ఎత్తెంతే?" అని అడుగుతున్నారు.