బ్లాగులో పాత పోస్టుల సంగతి

బ్లాగుకు జనం రావడం లేదని రోజుకో కొత్త పోస్టు గుప్పించే బదులు, పాతవాటికి ఒక పూట కేటాయించడం మేలు. గూగుల్ వెతుకులాటలో మన సైటు ఎలా కనబడుతోందో చూపే ఉచిత సాధనం సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరిచి, ఫలితాల్లో సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న పేజీలు ఏరండి. అలాంటి పేజీ వెతుకులాటలో కనబడుతుంది గానీ క్లిక్కులు పెద్దగా పడవు. జనం ఏ మాటలతో వెతికారో ఆ రిపోర్టులోనే ఉంటుంది. వాటిని శీర్షికలోకి తెచ్చి, జవాబు మొదటి పేరాలోనే చెప్పేయండి. ఉపోద్ఘాతం ఎవరూ చదవరు. ఆ రిపోర్టులో డేటా 16 నెలలే ఉంటుంది, ఏటా దించుకోండి.

తిరగరాసేటప్పుడు పోస్టు లింకు జోలికి మాత్రం పోవద్దు. మార్చక తప్పకపోతే పాతదాని నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా దారి మళ్లించే ఏర్పాటు) పెట్టాలి, లేదంటే వచ్చినవాళ్లకు 'పేజీ దొరకలేదు' అనే 404 ఎర్రర్ ఎదురవుతుంది. పాత లింకులన్నింటినీ హోమ్ పేజీకి మళ్లించడం ఇంకా చిరాకు. లింకులో తెలుగు లిపి వాడితే, కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు 9 క్యారెక్టర్లుగా సాగి చాంతాడంత అవుతుంది. చిన్న రోమన్ లింకే నయం.

ఫొటోలను 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, ఫైలు సైజు తగ్గించే ఫార్మాటైన వెబ్‌పీలో ఎక్కించండి. పేజీ పైభాగంలోని మొదటి బొమ్మకు లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చేదాకా బొమ్మను తెరవకుండా ఆపే ఏర్పాటు) తీసేయండి, ఉంటే అదే ఆలస్యంగా తెరుచుకుంటుంది.

ఇక బ్యాకప్. వర్డ్‌ప్రెస్‌లో డేటాబేస్ (పోస్టుల రాత ఉండేది) ఒక్కటే దించుకుంటే బొమ్మలు రావు, అప్‌లోడ్స్ ఫోల్డరు కూడా కావాలి. అదే సర్వర్లో దాచుకున్నది బ్యాకప్ కిందికి రాదు. దించినదాన్ని వేరేచోట ఒకసారి రీస్టోర్ చేసి చూడండి.